వల తలుపుకి అతుకు

మా వదిన ఫోను చేస్తే ముందు తన మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతుంది, తర్వాత కుళాయి నీళ్ళు రాకపోవడం గురించి చెబుతుంది, అసలు సంగతి మాత్రం ఆఖర్న, పెట్టేసే ముందు, తాపీగా చెబుతుంది. మొన్నా అంతే. అన్నీ అయ్యాక, "మీ అన్నయ్య మళ్ళీ వల పీకేశాడమ్మాయ్. ఇంక నావల్ల కాదు. రేపట్నుంచి ఎండ వాలగానే చెక్క తలుపేసి తాళం పెట్టేస్తా. నువ్వేమన్నా అనుకో," అంది. నేననుకునేదేముంది? మర్నాడు పొద్దున్నే మైలవరంలో బస్సెక్కాను. సంచిలో రెండు సూదులు, నైలాను దారం ఉండ, చిన్న కత్తెర, దగ్గరి చూపు కళ్ళజోడు. ఈ వయసులో అన్నగారింటికి వెళ్ళే ఆడపడుచు పళ్ళు తీసుకెళ్తుంది, స్వీటు డబ్బా తీసుకెళ్తుంది. నేను సూదులు తీసుకుని వెళ్ళాను.

మా అన్నయ్య మస్తాను నాకంటే ఐదేళ్ళు పెద్ద. మా వాళ్ళు తరాలుగా దూది ఏకి పరుపులు కుట్టేవాళ్ళు. నాన్న జగ్గయ్యపేటలో కుట్టాడు, అన్నయ్య పెళ్ళయ్యాక నందిగామ వచ్చి కొట్టు పెట్టుకుని కుట్టాడు. నేనొక్కదాన్నే చదువు వంక పెట్టి తప్పించుకుని పంతులమ్మనయ్యాను. ఇటు చందర్లపాడు దాకా, అటు వీరులపాడు దాకా ఎవరింట్లో పెళ్ళి మంచం వేసినా దాని మీద పరుపు మా అన్నయ్యదేనని ఒకప్పుడు గొప్పలు పోయేవాళ్ళం. స్పాంజి పరుపులు వచ్చాయి, కొట్టు మూతపడింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి అన్నయ్య జ్ఞాపకం కూడా మెల్లగా పోవడం మొదలైంది. ముందు మనుషుల పేర్లు పోయాయి. తర్వాత మనుషులే పోయారు. ఇప్పుడు వదినని పట్టుకుని "ఏమండీ, మంచినీళ్ళు ఇస్తారా" అంటాడు. "ఇన్నేళ్ళ కాపరానికి ఇప్పుడు దక్కిందమ్మాయ్ నాకు మర్యాద," అని ఆవిడ నవ్వుతుంది. పిల్లల్లేరు వాళ్ళకి. ఆ ఇంట్లో ఆ నవ్వు వినేది ఆవిడొక్కతే.

పొద్దుటిపూట అన్నయ్యతో ఏ బాధా లేదు. పెట్టింది తింటాడు, కుర్చీలో కూర్చుంటాడు, దిండు ఒళ్ళో పెట్టుకుని మూలలు సరిచేస్తూ ఉంటాడు. ఎండ వాలేసరికి మనిషి మారిపోతాడు. లేచి నిలబడతాడు, చొక్కా వెతుక్కుంటాడు, ఇంటికి పోవాలంటాడు. ఇదే గదా ఇల్లు అంటే, కొత్తవాళ్ళు వేళాకోళం చేస్తే ఎలా నవ్వి ఊరుకుంటామో అలా నవ్వి తలుపు వైపు నడుస్తాడు. పోయినేడు అలాగే బయటపడి, చెప్పుల్లేకుండా, లుంగీతో, హైవే అంచున జగ్గయ్యపేట వైపు నడుస్తున్నాడట. ఎవరో లారీ డ్రైవరు, పుణ్యాత్ముడు, బండి ఆపి, చెయ్యి పట్టుకుని ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపాడు. తల మీంచి గాలి కొట్టేంత దగ్గర్లో బస్సులు పోతున్నాయని అతను వదినకి చెప్పాడట. అప్పట్నుంచీ ఆ ఇంట్లో తలుపు గురించి తప్ప వేరే ఆలోచన లేదు.

తలుపు తీసి ఉంచితే రోడ్డెక్కుతాడు. వేస్తే ఊపిరాడదు. బతుకంతా దూది ధూళి పీల్చిన మనిషి కదా, ముందు గది తలుపు మూసేస్తే కాసేపటికే చొక్కా గుండీలు విప్పుకుని, గోడలు తడుముకుంటూ, ఆయాసంతో ఏడుస్తాడు. ఇనప గ్రిల్లు పెట్టించారు. దానికి తల కొట్టుకుంటే నుదురు చిట్లింది. స్టీలు జల్లెడ వేయించారు. వేళ్ళ చివర్లు కోసుకుపోయి అన్నం కలుపుకోలేకపోయాడు. ఆఖరికి కాస్త కుదిరింది ఇప్పుడు అందరిళ్ళలో ఉండే ఈ దోమల మెష్ తలుపే. అల్యూమినియం ఫ్రేము, బూడిదరంగు నైలాను వల, గడియ బయటివైపు. గాలి వస్తుంది, వీధి కనిపిస్తుంది, వీధిలో వాళ్ళకి లోపలి మనిషి కనిపించడు. కానీ అన్నయ్య చేతులు దూదిలో పుట్టి పెరిగిన చేతులు. వలని చింపడు, గుంజడు. దూదిలో చిక్కిన గింజపొట్టు తీసినట్టు బొటనవేలూ చూపుడువేలూ కలిపి ఒక్కొక్క పోగూ ఓపిగ్గా ఏరతాడు. వదిన వంటింట్లో చారు పోపు వేసి వచ్చేలోపల గడియ పక్కన చెయ్యి దూరేంత కంత అవుతుంది. మెష్ కొట్టువాడు వచ్చి రెండుసార్లు కొత్త వల వేశాడు. తర్వాత ఫోను ఎత్తడం మానేశాడు.

నేను సూదీ దారం పట్టుకుని ఎందుకు బయల్దేరానో చెప్పాలంటే జగ్గయ్యపేట ఇంటికి పోవాలి. మా వీధిలో అలాంటి తలుపు పెట్టించుకున్న మొదటి ఇల్లు మాదే. కలిగినవాళ్ళమై కాదు. నా తర్వాత నాగూరని ఒక తమ్ముడుండేవాడు. బొద్దుగా, ఎప్పుడూ ఒంటి నిండా దూదితో, తెల్లటి కోడిపిల్లలా తిరిగేవాడు. ఒక వానాకాలం వాడికి జ్వరం వచ్చింది. మర్నాటికి మెడ బిగుసుకుంది. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి నాన్న వాణ్ణి భుజాన వేసుకుని తిరిగొచ్చాడు, పైన పరుపు గుడ్డ కప్పి. దోమ కుట్టడం వల్ల వచ్చే మెదడువాపు అని డాక్టరు చెప్పాడట. ఆ ఒక్క మాట అమ్మ బెజవాడ నుంచి మూటగట్టుకుని వచ్చింది. ఏడవనైనా లేదు సరిగ్గా. ఇంటికి వచ్చినవాళ్ళందరితో, "దోమంట వదినా. దోమ," అనేది.

అప్పుడు మా వైపు సాగర్ కాలవ పనులు జరుగుతున్నాయి. ఇంజనీరుగారి క్వార్టర్సులో పరుపులు దించడానికి వెళ్ళిన నాన్న అక్కడ సన్నటి తీగ వల కొట్టిన తలుపు చూశాడు. దోమలు రాకుండా, అని చెప్పారట బంట్రోతులు. నాన్న ఇంటికొచ్చి అన్నం కూడా తినకుండా వడ్రంగిని వెతుక్కుంటూ పోయాడు. ఆకుపచ్చ రంగు తీగ వల, చుట్టూ టేకు చట్రం, తెరిచినప్పుడల్లా కుయ్యోమనే స్ప్రింగు. దానికి మేం పెట్టుకున్న పేరు వల తలుపు. వీధి గుమ్మానికి బిగించారు. ఒక్క వీధి గుమ్మానికే. పెరటి గుమ్మానికి మామూలు తలుపు, అది పగలంతా బార్లా తెరిచే ఉండేది. కిటికీకి గోనె పట్టా. పైన పెంకులు, వాటి సందుల్లోంచి పగలు వెలుగు, వానాకాలం నీళ్ళు. ఇంట్లోకి దోమ రావడానికి ఎన్ని దారులున్నాయో మేం పిల్లలం కూడా చూపించగలం. అమ్మ మాత్రం వీధి గుమ్మం ఒక్కటే చూసింది.

ఆ తలుపు వచ్చాక మా ఇంటి పద్ధతులే మారిపోయాయి. ఎవరు లోపలికి వచ్చినా పక్కకి తిరిగి, చటుక్కున దూరి, తలుపు వేసి, "వేశా" అని గట్టిగా చెప్పాలి. వంటింట్లోంచి అమ్మ ఊ కొట్టాలి. అప్పుడే వచ్చినట్టు లెక్క. నాన్న కూడా, నెత్తి మీద పరుపు చుట్టతో వచ్చినా, ముందు "వేశానే" అనేవాడు, తర్వాతే పరుపు దించేవాడు. పెరుగమ్మే ఆవిడ ఊళ్ళో మిగతా ఇళ్ళకి వెళ్ళినా అలవాటుకొద్దీ "వేశానమ్మా" అని అరిచి నవ్వులపాలయ్యేది. ఒకసారి తమ్ముడి పేరు మీద ఫాతిహా చదవడానికి వచ్చిన పెద్దాయన తలుపు ఒక చేత్తో పట్టుకుని గడపలో నిలబడి, గడ్డం నిమురుకుంటూ ఇల్లంతా చల్లగా ఉండాలని దీవిస్తున్నారు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని, "దీవెన లోపలికొచ్చి ఇద్దురుగాని, ముందు తలుపెయ్యండి," అంది. నాన్న ముఖం పాలిపోయింది. పెద్దాయన మంచాయన. నోరు మూసుకుని లోపలికొచ్చి, "వేశానమ్మా," అన్నారు.

నాన్న వసారాలో దూది ఏకేవాడు. విల్లు నారి మీద కొయ్యతో కొడుతుంటే టంగు టంగుమని వీధంతా వినిపించేది. దూది నురగలా లేచేది. ఆ లేచిన దూదంతా వచ్చి వల తలుపుకి అంటుకునేది. మధ్యాహ్నానికి వల పూర్తిగా తెల్లబడి గాలి ఆగిపోయేది. లోపల ఉక్క, దూదిగింజల జిడ్డు వాసన, నాన్న కాల్చిన చుట్ట వాసన, పొయ్యి మీద ఉలవల వాసన. అమ్మ కొబ్బరి పీచుతో వల తోమేది. తోమిన ప్రతిసారీ సన్నటి తీగ ఎక్కడో ఒకచోట తెగేది. మొదటి కంత పడ్డప్పుడు బాగుచేస్తానని నాన్న ముందుకొచ్చాడు. పరుపుల మేస్త్రీ కదా, దబ్బనం తీశాడు. పరుపుకి ఎంత గట్టిగా లాగి ముడేస్తాడో అంత గట్టిగా లాగాడు. ఒక కంత ఉన్నచోట చుట్టూ దబ్బనం లావు కంతలు ఇంకో నాలుగు పడ్డాయి. అమ్మ ఆయన చేతిలోంచి అది లాక్కుని, రవికలు కుట్టే సన్నసూది తెచ్చుకుంది. పరుపుల చారల గుడ్డ అంచులోంచి పోగులు లాగి, మైనం రాసి, తీగకీ తీగకీ మధ్య అల్లుకుంటూ పోయింది. ఆ రోజు నుంచి ఆ తలుపు అమ్మ సొంతం.

కంతలు వెతకడానికి అమ్మ ఒక పద్ధతి పెట్టింది. సందె వేళ, ఇంట్లో ఇంకా దీపం వెలిగించకముందు, అన్నయ్య లాంతరు వెలిగించుకుని వీధిలోకి వెళ్ళి వల అవతల నిలబడాలి. అమ్మ లోపల చీకట్లో కూర్చుంటుంది. అన్నయ్య లాంతరు పై మూల నుంచి మెల్లగా, అంగుళం అంగుళం దించుకుంటూ రావాలి. వలలో పోగు తెగినచోట వెలుగు చుక్కలా పొడుచుకొస్తుంది. "ఆగు," అంటుంది అమ్మ. అన్నయ్య లాంతరు అక్కడే పట్టుకుని నిలబడతాడు, ఆవిడ కుట్టు పూర్తయ్యేదాకా. చెయ్యి మార్చుకోకూడదు. దోమలు వాడి కాళ్ళని పీక్కు తింటుండేవి. నేను అమ్మ పక్కన కూర్చుని దారం అందించేదాన్ని. తోటిపిల్లలు ఆటలో ఉన్నా, పాలేట్లో ఈతకి పోయినా, ఎండ ఎర్రబడేసరికి అన్నయ్య అన్నీ వదిలేసి పరిగెత్తుకొచ్చేవాడు. ఒక్కరోజు కూడా వాణ్ణి పిలవాల్సిన పని పడలేదు. ఆలస్యమైతే అమ్మ సూది పట్టుకుని చీకట్లో అలాగే కూర్చుంటుందని వాడికి భయం.

ఒక సాయంత్రం నేను ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, మరి పెరట్లోంచి రావా దోమలు?" అమ్మ సూది ఆగలేదు. నాన్న నన్ను రెక్క పట్టుకుని బావి దాకా తీసుకెళ్ళి, "ఆ మాట మళ్ళీ అనబాకే తల్లీ," అన్నాడు. అంతే, కోప్పడలేదు. అరుస్తాడనుకున్న మనిషి బతిమాలేసరికి నాకు ఎక్కువ భయమేసింది. తర్వాత అన్నయ్య చెప్పాడు, లాంతరు చిమ్నీ గుడ్డతో తుడుస్తూ, "అమ్మకి తెలవదనుకున్నావా? తెలిసే కుడతంది. కుట్టకపోతే ఏం చెయ్యాలో తెలవక కుడతంది," అని. అప్పటికి వాడికి మీసం కూడా రాలేదు. అంత మాట వాడికి ఎలా తట్టిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. అమ్మ పోయేనాటికి ఆ తలుపులో తీగ కంటే దారమే ఎక్కువ. ఇల్లు అమ్మినప్పుడు కొన్నవాళ్ళు దాన్ని ఊడపీకి పొయ్యిలో పెట్టుకున్నారని విన్నాం. ఆ సంగతి తెలిసి అన్నయ్య రెండ్రోజులు కొట్టు తెరవలేదు.

సరే, నందిగామ వస్తాను. నేను వెళ్ళేసరికి అన్నయ్య కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడి, "రండి రండి, కూర్చోండి," అన్నాడు. మా అన్నయ్య నన్ను "ఏమే" అని కాకుండా "రండి" అని పిలవడం నాకింకా అలవాటు కాలేదు. ముందు వచ్చేది ఏడుపు కాదు, కోపం. ఎవరి మీదో తెలీని కోపం. దాన్ని తలుపు మీద చూపించుకుందామని నేల మీద చాప వేసుకుని కూర్చున్నాను. గడియ పక్కన వలలో అరచేయంత కంత. చుట్టూ పోగులు వేలాడుతున్నాయి. వదిన పాత వల ముక్క ఒకటి దాచింది, అది కోసి లోపలివైపు అతుకు పెట్టాను.

ఒంటిచేత్తో అతుకు నిలవడం లేదు. సూది గుచ్చేసరికి పక్కకి జారుతోంది. వదినని పిలుద్దామనుకుంటుండగా అన్నయ్య కుర్చీలోంచి లేచి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నాడు. నేను అడగలేదు. అతుకు రెండు మూలలూ రెండు చేతుల్తో పట్టుకుని ముడత లేకుండా సాగదీశాడు. ఎంత బిగువుగా పట్టాలో అంతే. పరుపు గుడ్డ అంచు పట్టినట్టు. నేను కుట్టుకుంటూ పోతుంటే నా సూదికి ముందు ముందు ఆయన వేళ్ళు జరుగుతున్నాయి. కళ్ళజోడు మసకబడి నేను ఒకచోట తప్పు పోగు పట్టుకుంటే, "అది కాదండీ, కింది పోగు," అన్నాడు. వదిన వంటింటి గుమ్మంలోంచి చూస్తూ నిలబడిపోయింది. "చూడు అమ్మాయ్ మీ అన్నయ్యని," అంది మెల్లగా. "పీకేదీ తనే, పట్టుకునేదీ తనే." అన్నయ్య ఆవిడ వైపు చూసి మర్యాదగా తల ఊపాడు. పని చేసినంతసేపూ ఆయన ముఖంలో ఏ తికమకా లేదు. నా మనసులో ఆశ లేచింది. ఈ పని చేతికిస్తే ఈ పూట గడుస్తుందేమో, రోజూ వచ్చి కుడుతూ కూర్చుంటే రోజూ గడుస్తుందేమో అని ఏవేవో లెక్కలు వేసుకున్నాను. మైలవరంలో ఇల్లు ఖాళీ చేసి ఇక్కడే ఉండిపోదామన్నంత దూరం పోయింది నా ఆలోచన.

ఆఖరి ముడి వేసి దారం కత్తిరించాను. అన్నయ్య అతుకు మీద బొటనవేలు పెట్టి నొక్కి చూశాడు, పక్కకి లాగి చూశాడు. "గట్టిగా వచ్చిందమ్మా. మంచి చెయ్యి మీది. ఎవరు నేర్పారు?" అన్నాడు. "మా అమ్మ," అన్నాను. "మా అమ్మ కూడా ఇట్టాగే కుడతది," అని సంతోషంగా నవ్వి, వీధి వైపు చూశాడు. ఎదురింటి డాబా మీద ఎండ పసుపు తిరిగింది. ఆయన నవ్వు నా కళ్ళముందే ఆరిపోయింది. లేచి నిలబడ్డాడు. చొక్కా తడుముకున్నాడు. "ఇంక పోవాలండీ. పొద్దుగూకతంది. లాంతరు పట్టుకోవాలి నేను. అమ్మ చీకట్లో కూర్చునుంటది," అన్నాడు.

వదిన నా ముఖం చూసింది. "రోజూ ఇదే, లాంతరంటాడు. కరెంటు పోయిందనుకుంటాడేమో అని లైటు వేస్తా," అంది. ఆవిడకి తెలీదు. ఆవిడ కోడలిగా వచ్చేసరికి వీధిలో కరెంటు స్తంభాలు పడ్డాయి, లాంతరు అటకెక్కింది. తెలిసినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను. అమ్మ తలుపు బాగుచెయ్యడానికి వేళ మించిపోతోందని, అందుకు వెళ్ళాలని, మా అన్నయ్య రోజూ ఈ తలుపు పీకుతున్నాడు. ఆ సంగతి అక్కడే నిలబడి వదినకి చెప్పాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మరి ఏం చేద్దాం?" అంది. కారణం తెలిస్తే దారి కనిపిస్తుందని బళ్ళో పిల్లలకి ఎన్నేళ్ళు చెప్పానో. కారణం తెలిసింది. దారి మాత్రం కనిపించలేదు.

నాకు చేతనైనవన్నీ చేశాను. "అన్నయ్యా, అమ్మ లేదు గదా," అన్నాను. అలా అనకూడదని తర్వాత తెలిసింది. ఆయన ముఖంలోంచి రక్తమంతా దిగిపోయి, "ఎప్పుడు?" అన్నాడు, అప్పుడే విన్నట్టు. కాసేపటికి అది మర్చిపోయాడు, తొందర మాత్రం ఎక్కువైంది. "అమ్మ ఇవాళ వద్దంది, రేపు రమ్మంది," అన్నాను. "మీకేం తెలుసండీ," అన్నాడు. ఒళ్ళో దిండు పెట్టాను, కింద పెట్టేశాడు. చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్దామనుకున్నాను. ఆ ఇంటికి వంటింటి వెనక ఇంకో తలుపుంది, వదిన రాకపోకలన్నీ అటు నుంచే. ఆ తలుపు తెరిచే ఉన్నా అన్నయ్య ఎన్నడూ అటు చూడడు. నేను లాగితే మొండికేసి నిలబడ్డాడు. ఇంటికి వెళ్ళే మనిషి పెరట్లోకి ఎందుకు వెళ్తాడు?

అప్పుడు మొదలుపెట్టాడు. వల ముందు నిలబడి, ఇందాక తను పట్టుకున్న అతుకు దగ్గరే, బొటనవేలూ చూపుడువేలూ కలిపి నా కుట్టు పోగులు ఏరడం. కోపం లేదు, కసి లేదు. పని. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. చేతులు పట్టుకుంటే విడిపించుకుని, "తొందరగా ఉందమ్మా, ఏమనుకోకండి," అంటున్నాడు. ముసలాడైనా ఆ చేతుల్లో బలం తగ్గలేదు. నేను వేసిన కుట్లు నేను వేసినంత సేపు కూడా నిలబడలేదు. అమ్మ ఒక్కో కంతా పూడుస్తుంటే ఇంకో చోట తెగేది, ఎన్ని పూడ్చినా పోయినవాడు రాలేదు. అయినా ఆవిడ కుట్టు తెల్లారేదాకా నిలిచేది. మర్నాడు సందె వేళకి మళ్ళీ చేసుకోవడానికి ఆవిడకో పని మిగిలేది. నాకు అదీ లేకుండా పోయింది.

వదిన వచ్చి చెక్క తలుపు రెక్క మీద చెయ్యి వేసింది. "వెయ్యమంటావా అమ్మాయ్?" అంది. ఫోనులో అంత గట్టిగా చెప్పిన మనిషి, ఇప్పుడు నన్ను అడుగుతోంది. తన ఒక్కదాని వల్ల కావడం లేదు కాబట్టే నాకు ఫోను చేసిందని అప్పుడర్థమైంది. కుట్టడానికి కాదు. ఆ మాట తనతో పాటు ఇంకొకరు అనాలని. హైవే మీద బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. అన్నయ్య చెయ్యి మణికట్టు దాకా వల బయటికి పోయింది, గడియ కోసం వెతుకుతోంది.

"వెయ్యి వదినా," అన్నాను.

నేను ఆయన చెయ్యి మెల్లగా లోపలికి లాగాను. వదిన తలుపు వేసి, లోపలి గడియకి తాళం కప్ప పెట్టింది. ముందు గదిలో ఒక్కసారిగా మధ్యాహ్నంలాంటి ఉక్క, మూసిన గది వాసన. మసీదులో అజాన్ అయింది. వదిన తాళంచెవి నా చేతిలో పెట్టి, నా వైపు చూడకుండా, నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూకి వెళ్ళిపోయింది. అన్నయ్య తలుపు మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. ఊపిరి పైకి తీస్తున్నాడు, చొక్కా పై గుండీ విప్పుకున్నాడు. ఏడుస్తాడనుకున్నాను. ఏడిస్తే దగ్గరికి తీసుకోవచ్చు అనుకున్నాను. ఆయన ఏడవలేదు. నా వైపు తిరిగి, చేతులు రెండూ జోడించి, ముక్కూ మొహం తెలీని వాళ్ళని అడిగినట్టు అడిగాడు.

"అమ్మా, ఈ తలుపు కాస్త తీసి పెడతారా? మా ఇల్లు ఈ ఊరే, దగ్గరే. మా అమ్మ నా కోసం చూస్తా ఉంటది."

నాకు అన్నయ్యా అని పిలిచే ధైర్యం లేకపోయింది. చెల్లెల్నైతే తాళం తీసెయ్యాలి. పరాయిదాన్నైతే అబద్ధం చెప్పొచ్చు.

"తాళంచెవి నా దగ్గర లేదండీ," అన్నాను.

అన్నయ్య నా పిడికిలి వైపు చూడనైనా లేదు. నా మాట నమ్మాడు. "అయ్యో, పర్లేదమ్మా," అన్నాడు, ఆయాసపడుతూనే. "మిమ్మల్ని అనవసరంగా ఇబ్బంది పెట్టా." అని, తలుపు పక్కనే గోడకి ఆనుకుని, ఎవరో ఒకరు వచ్చి తియ్యకపోతారా అని నిలబడ్డాడు.